బెల్ట్ జారినన్నాళ్లూ ఇంజన్ బతికింది: ఇంట్లో బిగించిన ఒక సూపర్‌ఛార్జర్ కేసు

ఈ కేసు రాసిపెట్టడానికి కారణం ఒకటే. ఇందులో నేను లోపాన్ని సరిగ్గానే పట్టుకున్నాను, పద్ధతిగానే బాగుచేశాను. అది అయిన పది నిమిషాల్లో ఇంజన్ పోయినంత పనైంది. కారు మోడల్, యజమాని వివరాలు, సూపర్‌ఛార్జర్ (ఇంజన్‌లోకి అదనపు గాలి తోసే పంపు) కిట్ ఎవరిది అన్నవి వదిలేస్తున్నాను. వాటితో ఇక్కడ పని లేదు.

నేపథ్యం

రెండు డోర్ల స్పోర్ట్స్ కారు. 3.5 లీటర్ల వి6 ఇంజన్, వెనక చక్రాల డ్రైవ్, మాన్యువల్ గేర్లు, కంప్రెషన్ రేషియో 10.3. నా దగ్గరికి వచ్చేసరికి 92,000 కిలోమీటర్లు తిరిగింది. కిట్ సెంట్రిఫ్యూగల్ రకం. క్రాంక్ పుల్లీ నుంచి వేరే బెల్ట్‌తో తిరుగుతుంది, లోపలి గేర్లు ఆ వేగాన్ని మరో 3.6 రెట్లు పెంచి గాలిని నొక్కే చక్రానికి, అంటే ఇంపెల్లర్‌కు ఇస్తాయి. కిట్‌తో పాటు రేడియేటర్ ముందు పెట్టి ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, పెద్ద ఇంజెక్టర్లు, ట్యాంకులో వేసే పెద్ద పెట్రోల్ పంపు, ఇంజన్ కంప్యూటర్‌కు (ఈసీయూ) ఎక్కించే ఒక బేస్ మ్యాప్ వచ్చాయి. 6,500 ఆర్పీఎం దగ్గర 8 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) బూస్ట్, అంటే బయటి గాలి కన్నా అంత అదనపు ఒత్తిడి ఇవ్వాలి.

ఏ రకం సూపర్‌ఛార్జర్ అన్నది లోపం వెతికేటప్పుడు చాలా ముఖ్యం. రూట్స్ రకంలో, ట్విన్ స్క్రూలో బూస్ట్ కింది ఆర్పీఎంలోనే నిండుగా వచ్చి, పైదాకా ఇంచుమించు అలాగే నిలబడుతుంది. సెంట్రిఫ్యూగల్ అలా కాదు. ఇంపెల్లర్ వేగానికి వర్గంగా బూస్ట్ పెరుగుతుంది, అంటే వేగం సగమైతే బూస్ట్ పావుకి పడిపోతుంది. అందుకే మామూలుగా ఉన్న కారులో బూస్ట్ గీత పైకి వంపు తిరుగుతూ వెళ్లాలి. ఈ కారు లాగ్‌లో (పరుగులో నమోదైన అంకెల్లో) 5,200 దాటాక ఆ గీత బల్లపరుపుగా పడుకుంది.

యజమాని చేతిపని తెలిసినవాడు. నాలుగు వారాంతాలు ఇంటి గ్యారేజీలో కూర్చుని ఒక్కడే బిగించాడు. ఇప్పిన ప్రతి కనెక్టర్‌కూ టేపు అంటించి నంబరు వేశాడు, టార్క్ రెంచ్ వాడాడు, గాలి-పెట్రోల్ నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టించుకున్నాడు. ఒక మెట్టు చల్లగా ఉండే ప్లగ్గులు వేసి గ్యాప్ 0.8 మిల్లీమీటర్లకు తగ్గించాడు కూడా. చాలామంది మర్చిపోయే పని అది. బూస్ట్‌లో పెద్ద గ్యాప్ ఉంటే నిప్పురవ్వ ఆరిపోతుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అజాగ్రత్త మనిషి చేసిన తప్పులు కావు ఇవి. అతను వదిలేసినవి రెండే: కిట్ వేసే ముందు కంప్రెషన్ టెస్ట్ చేయలేదు, డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) మీద ఒక్క పుల్ (ఫుల్ త్రాటిల్‌లో కింది ఆర్పీఎం నుంచి పైదాకా ఒక పరుగు) కూడా చేయించలేదు. దాంతో పోల్చి చూడటానికి పాత అంకెలు లేకుండా పోయాయి.

ఏ సమస్యతో వచ్చాడు

"అన్నా, ఐదు వేల దాకా కుమ్మేస్తుంది, ఆ తర్వాత ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు ఉంటుంది" అన్నాడు. బూస్ట్ 5.4 పీఎస్ఐ దాటడం లేదు. గాలి-పెట్రోల్ నిష్పత్తి (ఒక వంతు పెట్రోల్‌కు ఎన్ని వంతుల గాలో; అంకె పెరిగితే పెట్రోల్ తగ్గినట్టు) మాత్రం ఫుల్ త్రాటిల్‌లో 11.8 చుట్టూ ఉంది, బూస్ట్ కారుకు అది మంచి అంకె. చెక్ ఇంజన్ లైట్ లేదు. దీనికి తోడు సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి ఆగబోతే అప్పుడప్పుడు ఇంజన్ ఆగిపోతోంది. ఒకసారి ఆయిల్ డిప్‌స్టిక్ దానంతట అదే అంగుళం పైకి లేచి ఉందట.

అంతకుముందు అతను మూడు పనులు చేశాడు. మొదటిది, తప్పు మ్యాప్‌లో ఉందనుకుని లాగ్‌లు మ్యాప్ రాసే ఆయనకు మెయిల్ చేశాడు. మూడు విడతలుగా మూడు మ్యాప్‌లు వచ్చాయి. రెండోది, బెల్ట్ మీద అనుమానంతో టెన్షనర్ బోల్ట్‌ను ఇంకా ఇంకా బిగించాడు. మూడోది, బెల్ట్ కీచుమంటుంటే దాని మీద కొట్టే స్ప్రే కొట్టాడు. ఆ స్ప్రే ఎవరూ వాడొద్దు. రెండు రోజులు శబ్దం ఆగుతుంది, తర్వాత రబ్బరు మీద జిగురు, దుమ్ము కలిసి గాజులా గట్టిపడుతుంది.

మ్యాప్‌ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తర్వాత వచ్చిన ప్రమాదానికి బీజం అక్కడే పడింది. మ్యాప్ అంటే గడులున్న ఒక పట్టిక. ఒకవైపు ఆర్పీఎం, ఇంకోవైపు ఇంజన్ మీద లోడ్, ప్రతి గడిలోనూ ఇంత పెట్రోల్, ఇన్ని డిగ్రీల టైమింగ్ (నిప్పురవ్వ ఎంత ముందుగా పడాలో) అని రాసి ఉంటుంది. దూరాన కూర్చున్న మనిషికి కనిపించేది లాగ్ మాత్రమే. లాగ్‌లో నిష్పత్తి బాగుంది, నాక్ (మిశ్రమం అదుపు తప్పి దానంతట అదే పేలడం) లేదు, పవర్ తక్కువ ఉందని కస్టమర్ అంటున్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని: పై ఆర్పీఎంలో టైమింగ్ 2 డిగ్రీలు పెంచాడు, పెట్రోల్ 4 శాతం పెంచాడు. అయితే 5.4 పీఎస్ఐ దగ్గరే ఆగిపోయే ఇంజన్ పై లోడ్ గడుల్లోకి ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. ఆ గడుల్లో ఉన్నవన్నీ కింది గడులను చూసి అంచనా వేసి నింపిన అంకెలు. అక్కడ ఏం జరుగుతుందో ఎవరూ చూడలేదు.

మొదట ఇంజన్ సంగతి

కిట్ జోలికి వెళ్లకముందు ఇంజన్ బాగుందో లేదో చూడాలనుకున్నాను. పవర్ లేదన్న ఫిర్యాదుకు రింగులు అరిగిపోవడం కూడా కారణం కావచ్చు, అదే నిజమైతే మిగతా వెతుకులాటంతా దండగ. వేడి ఇంజన్, త్రాటిల్ పూర్తిగా తెరిచి, పెట్రోల్ ఆపి ఆరు సిలిండర్ల కంప్రెషన్ చూశాను. 178 నుంచి 184 పీఎస్ఐ మధ్య వచ్చాయి. లీక్‌డౌన్, అంటే సిలిండర్‌లోకి ఎక్కించిన గాలిలో కారిపోయేది, 6 నుంచి 9 శాతం. ఆ వయసు ఇంజన్‌కు ఇది చాలా బాగున్నట్టే. అంకెలు కాగితం మీద రాసి షెడ్డు గోడకు అంటించాను. తర్వాత అవే నా ప్రాణం నిలబెట్టాయి.

రెండోది బూస్ట్ లీకేజీ. ఎయిర్ ఫిల్టర్ తీసేసి ఆ చోట మూత బిగించి, కంప్రెసర్ నుంచి 8 పీఎస్ఐ గాలి ఎక్కించి, ప్రతి జాయింట్ మీదా సబ్బునీళ్లు కొట్టాం. ఇంటర్‌కూలర్ బయటికొచ్చే చోట బుడగలు వచ్చాయి. క్లిప్పు పైపు అంచు దగ్గర ఉన్న ఉబ్బు మీదకు ఎక్కి కూర్చుంది, దాని వెనక కూర్చోవాలి. సరిచేశాక డైనో మీద బూస్ట్ 5.4 నుంచి 5.6కు వచ్చింది. యజమాని మొహం వెలిగింది కానీ నాకు తృప్తి కలగలేదు. పోయిన 2.6లో 0.2 దొరికిందంటే అసలు దొంగ ఇంకా లోపలే ఉన్నాడు. ఫిల్టర్ పూర్తిగా తీసేసి ఒక పుల్ చేశాం, మార్పు లేదు. కాబట్టి లోపలికొచ్చే దారిలో అడ్డం లేదు, బయటికి పోయే దారిలో చిల్లు లేదు. మిగిలింది ఇంపెల్లర్ తిరగాల్సినంత వేగంగా తిరుగుతోందా అన్న ప్రశ్న.

బెల్ట్

బెల్ట్ జారుతోందా అన్నది చెవితో తేల్చొద్దు. కీచుమనకుండా కూడా బెల్ట్ జారుతుంది. ఈ కారులో బ్రాకెట్ మీద, బానెట్ లోపలివైపు నల్లటి పొడి ఉంది, వేలితో రాస్తే కాటుకలా అంటుకుంది. అది సూచనే గానీ కొలత కాదు. ఎంత జారుతోందో తెలియాలి.

క్రాంక్ పుల్లీ వ్యాసం 168 మిల్లీమీటర్లు, బ్లోయర్ (సూపర్‌ఛార్జర్) పుల్లీది 84. నిష్పత్తి సరిగ్గా 2. ఇంజన్ 6,500లో ఉంటే బ్లోయర్ పుల్లీ 13,000 తిరగాలి. దాని మీద మెరిసే టేపు ముక్క అంటించి, లేజర్ టాకోమీటర్‌ను స్టాండ్‌కు బిగించి డైనో మీద పుల్ చేశాం. చేత్తో పట్టుకుని తిరిగే బెల్ట్ దగ్గరికి వెళ్లే పని మా షెడ్డులో నిషేధం. మీటర్ 10,900 చూపించింది. అంటే 16 శాతం జారుడు. వేగం 0.84 రెట్లు అయితే బూస్ట్ దాని వర్గం, 0.7 రెట్లు కావాలి. 8లో 0.7 వంతు 5.6. మా గేజ్ చూపించిన అంకె అదే. లెక్క ఇంత కచ్చితంగా కుదరడం అరుదు, కుదిరినప్పుడు ఇంకెక్కడా వెతకనక్కర్లేదు.

కారణం కోసం ఇనుప స్కేలు క్రాంక్ పుల్లీ ముఖానికి ఆనించి చూశాను. బ్లోయర్ పుల్లీ ఒక అంచు దగ్గర స్కేలును తాకుతోంది, రెండో అంచు దగ్గర సందు ఉంది. పుల్లీ ముందుకో వెనక్కో జరగలేదు, వంగి కూర్చుంది. బ్రాకెట్ విప్పితే తెలిసింది. నాలుగు స్పేసర్లున్నాయి, వాటిలో రెండు మిగతా రెండింటికన్నా 2 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు. ఒక పొట్టిది, ఒక పొడుగుది తారుమారయ్యాయి. చేతిలోకి తీసుకుంటే అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కాలిపర్స్ పెడితేనే తేడా తెలుస్తుంది. నాలుగో వారాంతం రాత్రి పూట బిగించాడట. ఎవరికైనా జరుగుతుంది.

దానికి తోడు బెల్ట్ కూడా అసలుది కాదు. వంకర పుల్లీ వల్ల మొదటి బెల్ట్ అంచు పీచుపీచుగా లేచిపోతే, అదే సైజు దొరక్క దానికన్నా 10 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నది వేశాడు. దాంతో టెన్షనర్ చివరిదాకా వెళ్లి ఆగింది. ఆ చివర దాన్ని ఎంత బిగించినా బెల్ట్‌కు పట్టు పెరగదు. పెద్ద టెన్షనర్ వేద్దామా అని అతను అడిగాడు. వద్దన్నాను. వంకర ఉండగా పట్టు పెంచితే కొత్త బెల్ట్‌ను ఇంకా తొందరగా కోసుకుంటాం.

స్పేసర్లు వాటి వాటి చోట పెట్టాం, సరైన పొడవు బెల్ట్ వేశాం, పుల్లీల గాడులను బ్రేక్ క్లీనర్‌తో కడిగి పాత స్ప్రే జిగురు తీసేశాం. టెన్షనర్ మధ్యలోకి వచ్చి కూర్చుంది.

ఆ పుల్

ఇక్కడ నేను ఆగాల్సింది. ఆగలేదు.

నా ఆలోచన ఇలా సాగింది: నిష్పత్తి ఇన్ని రోజులుగా 11.8 ఉంది, నాక్ లేదు, లోపం బెల్ట్‌ది, బెల్ట్ బాగైంది, ఇక బూస్ట్ చూద్దాం. మూడో గేర్‌లో 2,500 నుంచి ఫుల్ త్రాటిల్. 5,000 దాకా అందంగా వెళ్లింది. 5,500 దగ్గర నిష్పత్తి 12.2. 5,900లో హెడ్‌ఫోన్‌లో బీప్ వచ్చింది. వైడ్‌బ్యాండ్ 12.5 దాటితే అరిచేలా నేను పెట్టుకున్న అలారం అది. 6,000 దగ్గర కాలు తీశాను. తర్వాత లాగ్ చూస్తే ఆ క్షణాన నిష్పత్తి 13.1, బూస్ట్ 7, నాక్ సెన్సర్ 6 డిగ్రీల టైమింగ్ వెనక్కి లాగింది. పెట్రోల్ తక్కువ, టైమింగ్ ఎక్కువ, పైగా ఇంజన్ ఎన్నడూ చూడని గాలి. ఇంకో సెకను తొక్కి ఉంచితే పిస్టన్ రింగుల మధ్య మెట్టు విరిగి ఉండేది.

షెడ్డులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. యజమాని "ఏమైంది అన్నా?" అంటే "ఏమీ కాలేదేమో చూద్దాం" అన్నాను. అది సమాధానం కాదని ఇద్దరికీ తెలుసు.

ఇంజన్ చల్లారాక ఆరు ప్లగ్గులూ తీసి, వరుసగా తెల్లగుడ్డ మీద పేర్చి, భూతద్దంతో చూశాను. ఇలాంటప్పుడు చూడాల్సింది పింగాణీ భాగం. నాక్ వచ్చిన ఇంజన్‌లో దాని మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు ఉంటాయి. నల్లచుక్కలైతే గోడల మీది మసి రాలింది. వెండిలా మెరిసే చుక్కలైతే పిస్టన్ అల్యూమినియం కరిగింది, ఇక ఇంజన్ ఇప్పాల్సిందే. ఐదో సిలిండర్ ప్లగ్ మీద నాలుగు చుక్కలు కనిపించాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో ఇటు అటు తిప్పాను. నల్లవే. మెరుపు లేదు. మళ్లీ లీక్‌డౌన్ చేసి గోడ మీది కాగితంతో పోల్చాను, ఐదో సిలిండర్ మొదట 8, ఇప్పుడూ 8. ఆ కాగితం లేకపోతే ఆ 8కి అర్థం ఉండేది కాదు.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే విషయం అర్థమైంది. ఈ కారులో లోపాలు రెండు. పెట్రోల్ చాలడం లేదు, ఆ సంగతి బయటపడకుండా బెల్ట్ జారి గాలిని కూడా తగ్గించేస్తోంది. గాలి తక్కువ, పెట్రోల్ తక్కువ కావడంతో నిష్పత్తి 11.8 దగ్గర బుద్ధిగా కూర్చుంది. నేను మొదటి లోపం తీసేయగానే రెండోది ఒక్కసారిగా బయటికి దూకింది. నెలరోజులుగా ఆ బెల్ట్ తెలియకుండానే కాపలా కాస్తోంది.

పెట్రోల్ ఎక్కడ ఆగింది

ముందుగా లాగ్‌లో రెండు అంకెలు చూశాను. గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ 4.6 వోల్టుల దగ్గర ఉంది. అది 5 వోల్టులకు తగిలి ఉంటే, లోపలికొచ్చే అదనపు గాలి ఈసీయూకి కనిపించడం లేదని అర్థం. ఇక్కడ కనిపిస్తోంది. ఇంజెక్టర్ల డ్యూటీ, అంటే అవి తెరుచుకుని ఉండే సమయం, 78 శాతం, 85 దాకా ఫర్వాలేదు. అంటే ఈసీయూ సరిగ్గానే అడుగుతోంది, ఇంజెక్టర్ తెరుచుకుంటోంది, దాని వెనక పెట్రోల్‌కు బలం లేదు.

ఫ్యూయల్ లైన్‌లో టీ జాయింట్ వేసి గేజ్ పెట్టాం. గేజ్ బానెట్ కిందే ఉంచి దాని ముందు కెమెరా పెట్టాం. చూడటానికి వీలుగా ఉంటుందని పెట్రోల్ గొట్టాన్ని క్యాబిన్‌లోకి లాగేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. పక్కనే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని ఒకరు నిలబడ్డారు. మ్యాప్‌లో టైమింగ్ బాగా తగ్గించి, ఒకే ఒక్క చిన్న పుల్.

ఈ కారులో రిటర్న్ లైన్ (మిగిలిన పెట్రోల్ ట్యాంకుకు తిరిగొచ్చే గొట్టం) లేదు, రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉంది, ఒత్తిడి 51 పీఎస్ఐ దగ్గర స్థిరంగా ఉండాలి. ఐడిల్‌లో 51 ఉంది. 6,000లో 43కి పడింది. ఇంజెక్టర్‌కు ఇటువైపు రైల్ (పెట్రోల్ అందించే పైపు) ఒత్తిడి, అటువైపు మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) బూస్ట్. ఈ రెండింటి తేడానే పెట్రోల్‌ను లోపలికి తోస్తుంది. ఆ పుల్‌లో బూస్ట్ 7. రావాల్సిన తేడా 51లోంచి 7 తీసేస్తే 44, వచ్చింది 36. ప్రవాహం ఈ తేడా వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి పెట్రోల్ పది శాతం తగ్గింది. 11.8ని 0.9తో భాగిస్తే 13.1. మళ్లీ లెక్క కుదిరింది.

ఒత్తిడి పడుతోందన్నది తేలింది, ఎందుకన్నది తేలాలి. ఇక్కడ నేను ఒక పూట వృథా చేశాను. ట్యాంకులో చెత్త చేరి పంపు కింద ఉండే జల్లెడ మూసుకుపోయి ఉంటుందనుకుని వెనక సీటు తీయించి పంపు బయటికి లాగించాను. జల్లెడ శుభ్రంగా ఉంది. గొట్టం క్లిప్పు గట్టిగా ఉంది, ఓ రింగ్ నలగలేదు. అన్నీ మళ్లీ బిగించాక, మల్టీమీటర్ పట్టుకుని పది నిమిషాల్లో చేయాల్సిన పని చేశాను. ముందే చేయాల్సింది అది.

పంపు నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు. పంపు కనెక్టర్ దగ్గర 11.1. మధ్యలో 2.8 వోల్టులు తినేస్తున్నారు ఎవరో. ఎక్కడో తెలియడానికి మీటర్ ఒక తీగ బ్యాటరీ ప్లస్‌కు, రెండోది పంపు ప్లస్‌కు పెడితే 1.9 చూపించింది. మైనస్ వైపు అలాగే పెడితే 0.9. కొత్త పంపు 14 ఆంపియర్లు లాగుతోంది. 2.8ని 14తో భాగిస్తే వైరింగ్ నిరోధం 0.2 ఓములు. పాత పంపు 7 ఆంపియర్లతో పనిచేసేది, అప్పుడు పోయేది 1.4 వోల్టులే, ఎవరికీ తెలిసేది కాదు. పంపు రెండింతలు తింటోంది, వైరు మాత్రం పాతదే. కిట్ సూచనల్లో పంపు మార్చమని ఉంది, వైరు మార్చమని లేదు. యజమాని సూచనలు అక్షరం పొల్లుపోకుండా పాటించాడు.

పంపుకు వోల్టేజ్ పెంచే బూస్టర్ పెడితే సరిపోతుందిగా అని అతను అడిగాడు. సరిపోతుంది, కొన్నాళ్లు. ఆ 0.2 ఓములు మాత్రం అక్కడే ఉండి వేడి పుట్టిస్తూ ఉంటాయి, అదీ పెట్రోల్ ట్యాంకు పక్కన. బ్యాటరీ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు కొత్తగా లాగి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టి, పంపు పక్కన రిలే వేశాం. పాత పంపు వైరును రిలేను ఆన్ చేయడానికి మాత్రం వాడాం. అలా చేస్తే ఇంజన్ ఆగినప్పుడు ఈసీయూ పంపును ఆపే ఏర్పాటు చెడిపోదు. స్విచ్ పెట్టి నేరుగా కలిపిన కార్లు చూశాను, గుద్దుకున్నా పంపు తిరుగుతూనే ఉంటుంది. ఎర్త్ బోల్ట్ కింద ఉన్న పెయింట్ గీకి మెరిసే ఇనుము కనిపించేదాకా శుభ్రం చేశాం. పంపు దగ్గర 13.4 వచ్చింది.

మళ్లీ మెట్టు మెట్టుగా

మూడు సవరణ మ్యాప్‌లనూ పక్కన పడేసి బేస్ మ్యాప్‌కు వెళ్లాం. ఆ సవరణలు జారే బెల్ట్‌కు, నీరసం పంపుకు కుట్టిన చొక్కా. ఇప్పుడు ఒంటికి సరిపోదు. పైగా 8 పీఎస్ఐ అంటే గాలిని 1.54 రెట్లు నొక్కడం. బయట 31 డిగ్రీలుంటే బ్లోయర్ నుంచి 90కి దగ్గరగా వస్తుంది, ఇంటర్‌కూలర్ దాన్ని దించుతుంది. ఎంత దించుతుందో ఈ కారులో ఇంకా ఎవరూ చూడలేదు, కాబట్టి 2 డిగ్రీల అదనపు టైమింగ్ గురించి మాట్లాడే అర్హత మాకు లేదు.

ఈసారి 4,500 దాకా వెళ్లి ఆగాం. లాగ్ చదివాం. తర్వాత 5,200. తర్వాత 5,800, 6,300, చివరికి 6,500. ప్రతి మెట్టు దగ్గరా నాలుగు అంకెలు: నిష్పత్తి, నాక్, ఫ్యూయల్ ఒత్తిడి, బ్లోయర్ పుల్లీ వేగం. వీటిలో చివరి రెండూ మామూలు లాగ్‌లో ఉండవు, ఈ కేసంతా అక్కడే దాక్కుంది. మధ్యమధ్య ఇంజన్‌ను చల్లారనిచ్చాం. యజమానికి విసుగొచ్చింది, నాకు రాలేదు.

చివరి పుల్‌లో బూస్ట్ 7.8, నిష్పత్తి 11.7, నాక్ లేదు, ఫ్యూయల్ ఒత్తిడి 50. పుల్ ముగిసేసరికి లోపలికెళ్లే గాలి 58 డిగ్రీలు. ఇంజెక్టర్ డ్యూటీ 83. చక్రాల దగ్గర పవర్ బెల్ట్ జారినప్పుడు 291 హెచ్‌పీ, ఇప్పుడు 338. కిట్ వేయకముందు ఎంతుందో ఎవరికీ తెలియదు గనుక మొత్తం లాభం ఇంత అని చెప్పలేను.

చిన్నవి రెండు

ఇంజన్ ఆగిపోవడానికి కారణం బ్లో ఆఫ్ వాల్వ్, అంటే త్రాటిల్ మూసినప్పుడు మిగిలిన బూస్ట్‌ను వదిలేసేది. మాఫ్ సెన్సర్ బ్లోయర్‌కు ముందుంది. త్రాటిల్ మూసినప్పుడు, సెన్సర్ అప్పటికే లెక్కపెట్టిన గాలిని వాల్వ్ బయటికి ఊదేస్తోంది. ఆ గాలికీ ఈసీయూ పెట్రోల్ పోస్తోంది, ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతోంది. వాల్వ్ గొట్టాన్ని బ్లోయర్ ముందరి పైపులోకి కలిపితే పావుగంటలో అయిపోయింది. "ఆ ఉష్‌మనే సౌండ్ పోతుందా?" అన్నాడు, నిజంగా బాధగా. పోయింది.

డిప్‌స్టిక్ లేవడానికి కారణం పీసీవీ గొట్టంలో (క్రాంక్‌కేస్ ఆవిరిని ఇంజన్‌లోకి పంపేది) చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది) తిరగేసి పెట్టడం. బూస్ట్ క్రాంక్‌కేస్‌లోకి వెళ్లి ఆయిల్‌ను బయటికి తోస్తోంది. అలాంటి వాల్వ్ బిగించేముందు నోటితో రెండువైపులా ఊది చూడాలి, బాణం గుర్తును నమ్మొద్దు. ఈ కారులో బాణం మసిబారి కనిపించనేలేదు.

అప్పట్నుంచి నేను మార్చుకున్నవి

ఇంట్లో బిగించిన బూస్ట్ కారు ఏది వచ్చినా, ఫిర్యాదు ఏదైనా, మొదటి రోజే పంపు దగ్గర వోల్టేజ్, ఫుల్ లోడ్‌లో ఫ్యూయల్ ఒత్తిడి చూస్తున్నాను. కస్టమర్లకు ఇది అర్థం కాదు. బెల్ట్ కీచుమంటుంటే వెనక సీటు ఎందుకు తీస్తున్నారంటారు. గాలిని పెంచే ఏ రిపేరైనా, అంటే బెల్టైనా, లీకేజీ అయినా, ఫిల్టరైనా, చేసే ముందు పెట్రోల్ వైపు ఎంత మిగులు ఉందో తెలిసి ఉండాలన్నదే నా లెక్క. బెల్ట్ బాగుచేశాక మొదటి పుల్ 4,500 దాటదు. లాగ్ ఎంత బాగున్నా సరే. బాగున్న లాగ్ అది తీసిన పరిస్థితికే వర్తిస్తుంది, పరిస్థితి మార్చింది నేనే.

దూరం నుంచి మ్యాప్ రాయించుకునేవాళ్లకు ఒక మాట. మీ ట్యూనర్‌కు లాగ్‌తో పాటు బూస్ట్ ఎంత రావాలో, ఎంత వస్తోందో కూడా పంపండి. ఆ రెండూ కలవకపోతే మ్యాప్ ముట్టుకోవద్దని మీరే చెప్పండి. మొదటి మెయిల్‌లోనే ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఆ 2 డిగ్రీలు వచ్చేవే కావు.

500 కిలోమీటర్ల తర్వాత కారు మళ్లీ వచ్చింది. బ్రాకెట్ బోల్టులన్నీ టార్క్ చూశాం, ఒకటి పావు చుట్టు లొంగింది. నల్లపొడి లేదు. పంపు రిలే చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. ఇంకొంచెం చిన్న పుల్లీ వేస్తే 10 పీఎస్ఐ వస్తుందట, అడిగాడు. ఇంజెక్టర్ డ్యూటీ 83 ఉందని గుర్తుచేశాను, లెక్క అతనే వేసుకున్నాడు. ఒకటి మాత్రం మిగిలిపోయింది. నెలరోజులు వంకరగా లాగిన బెల్ట్ వల్లో, తిరగేసిన వాల్వ్ వల్లో చెప్పలేను గానీ, క్రాంక్ ముందు సీల్ దగ్గర ఆయిల్ సన్నగా చెమర్చుతోంది. బెల్ట్ మీద పడేంత కాదు. సీల్ తెచ్చి పెట్టుకున్నాడు, ఈసారి తనే మారుస్తానన్నాడు. విప్పే ముందు స్పేసర్లకు నంబర్లు వేయమన్నాను.